పని నేర్పితే ఎదురుగా షాపు పెడతాడేమో! అబ్బాయిని పెట్టుకోవాలా, వద్దా?

నల్గొండ జిల్లాలోని ఒక మండల కేంద్రం నుంచి వచ్చిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వేయొద్దని కోరారు. పద్నాలుగేళ్లుగా మోటారు రీవైండింగ్ షాపు నడుపుతున్నారు, అంటే కాలిన మోటార్లకు కొత్త రాగి వైరు చుట్టే షాపు. ఎక్కువగా 5 హెచ్‌పీ, 7.5 హెచ్‌పీ బోరు మోటార్లు, మధ్యమధ్య ఇంటి మోటార్లు, ఫ్యాన్లు, మిక్సీలు. ఫిబ్రవరి నుంచి మే దాకా ఊపిరి సలపదు, వానలు పడ్డాక వారానికి రెండు మోటార్లు వస్తే గొప్ప. అద్దె, వైరు, సామాను పోను ఎండాకాలంలో నెలకు 50 వేలు, మిగతా నెలల్లో 20 వేలు మిగులుతుంది. 5 హెచ్‌పీ మోటారుకు వైరు కాక కూలి 1,800 తీసుకుంటారు. సీజన్‌లో నెలకు పన్నెండు రోజుల దాకా 600 కూలికి ఒక మనిషిని పిలుచుకుంటారు.

నాలుగేళ్ల కింద పక్క ఊరి అబ్బాయిని పనిలో పెట్టుకున్నారు. మొదట 3 వేలు, తర్వాత 5 వేలు ఇచ్చారు. కాయిల్ చుట్టడం, స్లాట్లలో (మోటారు లోపలి గాడుల్లో) దించడం నేర్పారు కానీ కనెక్షన్ (కాయిల్స్ కొసలు కలపడం) మాత్రం తనే ఇచ్చేవారు, ‘అది కూడా చెప్తే ఉండడు’ అని. ఒకసారి చుట్లు తప్పి మోటారు పాడైతే జీతంలో 1,500 కోశారు. రెండున్నరేళ్లకు ఆ అబ్బాయి బస్టాండు దగ్గర సొంత షాపు పెట్టాడు, కొందరు రైతుల్ని వెంట తీసుకెళ్లాడు. ఇప్పుడు వరసకు బావ అయ్యే ఆయన తన కొడుకుని తీసుకొచ్చాడు. పద్దెనిమిది నిండాయి, పది పాసయ్యాడు, ఇంటర్ ఆపేశాడు. ‘జీతం గీతం ఏమొద్దు బావా, వాడికి పని నేర్పు చాలు’ అంటున్నాడు. ఇంట్లో ఆవిడేమో ‘ఊరికే చేయించుకుంటే రేపు మాట పడతాం’ అంటోంది. ఆయన అడిగినవి నాలుగు: జీతం ఎంత ఇవ్వాలి? మధ్యలో వెళ్లిపోకుండా ఏదైనా రాయించుకోవచ్చా? నష్టం చేస్తే ఎవరు భరించాలి? అసలు పెట్టుకోవడం మంచిదేనా?

మీ ప్రశ్నలు నాలుగైనా ముడి ఒకటే, అది పాత అబ్బాయి. ముందు దాన్ని విప్పుకుందాం. రెండున్నరేళ్లకు అతను మోటారు విప్పుతున్నాడు, పాత వైరు లాగుతున్నాడు, పేపర్ కోస్తున్నాడు, కాయిల్ చుడుతున్నాడు, స్లాట్లలో దించుతున్నాడు. మీరు కూర్చుని ఆరు కొసలు కలుపుతున్నారు. మోటారుకు కూలి 1,800 అని అతనికీ తెలుసు, నెలకు ఎన్ని మోటార్లు బయటికెళ్తున్నాయో లెక్కపెట్టుకోగలడు. చేతికి వచ్చేది మాత్రం 5 వేలు. ఆ స్థితిలో ఎవరైనా వెళ్లిపోతారు. కనెక్షన్ దాచడం వల్ల అతను ఆగలేదు, ఎందుకంటే కాయిల్ పిచ్ (కాయిల్ రెండు వైపులూ ఎన్ని స్లాట్ల దూరంలో పడాలో) తెలిసినవాడికి ఏ పాత మేస్త్రీ అయినా రెండు సాయంత్రాల్లో కనెక్షన్ చెప్పేస్తాడు. నష్టపోయింది మీరే. మీరు పొలానికి వెళ్లినప్పుడల్లా కాయిల్స్ దించిన స్టేటర్లు (మోటారులో తిరగని భాగాలు) మీ కోసం ఎదురుచూస్తూ బల్ల మీద ఉండిపోయాయి. సీజన్‌లో అలా ఆగిన ప్రతి పూటా సగం మోటారు కూలి. అతని మీద కోపం ఉంటే ఉండనివ్వండి, కానీ కొత్త అబ్బాయిని ఆ కోపంతో పనిలో పెట్టుకోకండి.

ఇక జీతం. మీ ముందు మూడు దారులున్నాయి.

బావ చెప్పినట్టు ఉచితంగా పెట్టుకోవడం మొదటిది. ఇప్పుడు చేతి నుంచి ఏమీ పోదు. కానీ జీతం తీసుకోని అబ్బాయిని ‘తొమ్మిదింటికి ఎందుకు రాలేదు’ అని అడగలేరు. పెళ్లికో జాతరకో నాలుగు రోజులు మాయమైతే మాట్లాడలేరు. చేతిఖర్చులు ఎలాగూ అడుగుతాడు, మీరు వంద, రెండొందలు ఇస్తుంటారు, అవి ఎక్కడా రాయరు. ఏడాది తర్వాత ‘ఏడాదంతా ఊరికే చేయించుకున్నాడు’ అన్న మాట బావ నోటే వస్తుంది. ఈ విషయంలో ఆవిడ అన్నదే నిజం. ఇంకో చిక్కు కూడా ఉంది. ‘నేర్చుకునేవాడు’ అని పేరు పెట్టినంత మాత్రాన కనీస వేతనం తప్పదు. ఆ మినహాయింపు 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద ఒప్పందం రిజిస్టర్ చేసుకున్నవాళ్లకే. 2019లో మార్చిన నిబంధనల ప్రకారం 30 మంది, అంతకంటే ఎక్కువ ఉన్నచోట అప్రెంటిస్‌లను పెట్టుకోవడం తప్పనిసరి, నలుగురి నుంచి 29 మంది దాకా ఉంటే ఇష్టం. మీ షాపులో మీరొక్కరే కాబట్టి ఆ దారి మీకు లేదు.

మొదటి రోజు నుంచి పూర్తి జీతం ఇవ్వడం రెండో దారి. షాపుల పనికి ఇప్పుడు అమల్లో ఉన్న కనీస రేటు సహాయ కార్మిక అధికారి కార్యాలయంలో కనుక్కోండి. లెక్క కోసం రోజుకు 500 అనుకుందాం. 26 రోజులకు 13 వేలు. జూలైలో 20 వేలు మిగిలే షాపు 13 వేలు ఇస్తే ఇల్లు గడవదు. మూడో నెలకే మీరు జీతం ఆలస్యం చేస్తారు, ఆరో నెలకు ఇద్దరికీ విసుగొస్తుంది.

మీ షాపుకు సరిపోయేది మూడోది: పని లేని నెలల్లో సగం పూట, సీజన్‌లో పూర్తి పూట. జూన్ నుంచి జనవరి దాకా ఉదయం తొమ్మిది నుంచి ఒంటిగంట వరకు, నెలకు 6,500. మధ్యాహ్నం అబ్బాయి తన పని చూసుకోవచ్చు. ఫిబ్రవరి నుంచి మే దాకా పూర్తి రోజు, 13 వేలు. వారానికి ఒక రోజు సెలవు సీజన్‌లో కూడా ఇవ్వాలి. వారానికి 48 గంటలు మించకుండా చూడండి, మించిన గంటలకు విడిగా ఇవ్వండి.

ఈ దారిలో మీ జేబు సంగతి దాచకుండా చెప్తాను. పనిలేని ఎనిమిది నెలల్లో 52 వేలు పోతాయి. సీజన్‌లో పాత వైరు లాగడం, స్లాట్లు గీకడం, పేపర్ కోయడం అబ్బాయి చూసుకుంటే మోటారుకు దాదాపు సగం పూట మీకు మిగులుతుంది. నెలకు ఎనిమిది మోటార్లు అదనంగా బయటికి పంపగలిగితే 14,400. పిలిచే కూలి మనిషి ఖర్చు 7,200 తగ్గుతుంది. అందులో 13 వేలు జీతం పోతే నెలకు 8,600 మిగులు, నాలుగు నెలలకు 34,400. అంటే మొదటి ఏడాది మొత్తం మీద 17,600 మీ చేతి నుంచి పడుతుంది. రెండో సీజన్‌లో అబ్బాయి సొంతంగా నెలకు పదిహేను మోటార్లు చేసే స్థాయికి వస్తే, మోటారుకు 400 చొప్పున విడిగా, కింద చెప్పే పెంపు రోజుకు 100 కూడా కలిపి ఇచ్చినా మీకు నెలకు 12,600 మిగులుతుంది. ఆ ఏడాది కూడా కొంత మీ చేతి నుంచి పడుతుంది. అసలు లాభం మూడో ఏడాది నుంచే. ఆ 17,600 భరించలేని ఏడాదైతే ఇప్పుడు పెట్టుకోవద్దు, బావకు ఆ మాటే చెప్పండి. భరించగలిగితే సీజన్ నాలుగు నెలలూ నెలకు 13 వేలు వేరే ఖాతాలో వేయండి. వానాకాలం జీతం అందులోంచి ఇవ్వండి. జీతం ప్రతి నెలా ఒకటే తేదీన, అబ్బాయి బ్యాంకు ఖాతాలోకే వెళ్లాలి, బావ చేతికి కాదు.

కుదిరితే ఆగస్టులో మొదలుపెట్టండి. ఫిబ్రవరిలో పెట్టుకున్న అబ్బాయి బస్తాలు మోస్తాడు, టీలు తెస్తాడు, మేలో విసిగి మానేస్తాడు, ఎందుకంటే అప్పుడు నేర్పే తీరిక మీకుండదు. వానాకాలమే నేర్పే కాలం.

జీతం పెంపును నెలలకు ముడిపెట్టకండి, చేతికి వచ్చిన పనికి ముడిపెట్టండి. మొదటి మెట్టు వైండింగ్ కాదు, రాయడం. మోటారు విప్పగానే పాత కాయిల్ కోయకముందే స్లాట్లు ఎన్ని, పిచ్ ఎంత, స్లాటుకు చుట్లు ఎన్ని, వైరు ఎంత, ఏ కనెక్షన్, కాయిల్ తల ఎంత ఎత్తుంది అన్నీ రిజిస్టర్‌లో ఎక్కాలి. వైరు మందం ఎనామిల్ మీద కొలిస్తే గేజ్ తప్పుతుంది, పూత తీసి రాగి మీద మైక్రోమీటర్ పెట్టాలి. బోరు మోటార్లలో వాడే పాలీ వైరైతే (రాగి మీద ప్లాస్టిక్ పొర చుట్టి ఉంటుంది) పైనున్న చుట్టు విప్పి కొలవాలి. పాత కాయిల్ కోసేశాక డేటా పోతే ఎవరి తరమూ కాదు, అందుకే ‘రాశాకే కటింగ్’ అన్నది మొదటి రోజు నుంచి కట్టుబాటు. పాత వైరు తేలిగ్గా ఊడొస్తుందని స్టేటర్‌ని మంటల్లో వేయడం అసలు అలవాటు చేయొద్దు. స్టాంపింగుల (స్టేటర్లో పేర్చిన ఇనుప రేకుల) మధ్య పూత కాలిపోతే కోర్ వేడెక్కుతుంది, ఖాళీగా తిరిగినా మోటారు కరెంటు ఎక్కువ లాగుతుంది. పాలీ వైరు కాలిస్తే వచ్చే పొగ ఊపిరితిత్తులకు విషం. ఒక వైపు తలలు కోసి రెండో వైపు నుంచి లాగడమే పద్ధతి.

రెండో మెట్టు కాయిల్ చుట్టడం, ఫ్యాన్లూ అర హెచ్‌పీ మోటార్లూ దించడం. షాపు మూల పనికిరాని స్టేటర్ ఒకటి ఉంటుంది కదా, దాంట్లో పాత వైరుతోనే పదిసార్లు దించి తీయమనండి. స్లాటు అంచుకు ఎనామిల్ గీరుకుంటే ఏమవుతుందో వేలికి తెలిసేది అక్కడే. పేపర్ స్లాటుకు రెండు వైపులా కొంచెం బయటికి రావాలి, మూల మడత పెట్టాలి, లేకపోతే చివర్లోనే వైరు మోటారు బాడీకి తగులుతుంది. మూడో మెట్టు 5 హెచ్‌పీ దించడం, ఫేజుల మధ్య పేపర్, కట్టు కట్టడం, వెదురు పుల్లలు కొట్టడం. నాలుగోది కనెక్షన్, టెస్టింగ్, బుష్‌లు, త్రస్ట్ బేరింగ్, అమర్చడం, బోరులో దింపేముందు మోటారులో గాలి లేకుండా మంచినీళ్లు నింపడం. ఒక్కో మెట్టు మీరు చెయ్యి పెట్టకుండా వరసగా ఐదు మోటార్లు చేస్తే దాటినట్టు. రెండో మెట్టు దాటితే రోజుకు 50, మూడోది దాటితే ఇంకో 50, నాలుగోది దాటాక పైన చెప్పిన మోటారుకు 400. దీన్ని ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి. తనకు జీతం ఎప్పుడు పెరుగుతుందో తెలిసిన అబ్బాయి బస్టాండు దగ్గర ఖాళీ గదుల కోసం చూడడు.

మీరు భయపడే కనెక్షన్‌ను అందుకే నాలుగో మెట్టులో పెట్టాను, కానీ దాచమని కాదు. రెండేళ్లకైనా నేర్పాల్సిందే.

నష్టం సంగతికి వద్దాం. పాత అబ్బాయి జీతంలో 1,500 కోసినప్పుడు మీకు వచ్చింది అంతే. పోయింది ఏమిటంటే, ఆ రోజు నుంచి అతను తప్పులు దాచడం మొదలుపెట్టి ఉంటాడు. గీరుకున్న వైరు మీద వార్నిష్ రాసి, పైన కట్టు కట్టి మీకు చూపిస్తే మెగ్గర్ (ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) పెట్టేదాకా తెలియదు. చుట్లు తప్పడం అబ్బాయిల తప్పుల్లో అన్నిటికంటే మామూలుది. దాన్ని కాయిల్ దశలోనే పట్టుకుంటే నష్టం దాదాపు సున్నా, స్లాట్లలో దించాక పట్టుకుంటే కొంత వైరూ ఒక పూటా, బోరులోకి దింపాక పట్టుకుంటే మోటారు మళ్లీ పైకి లాగే కూలి, రైతు మడికి రెండు రోజుల నీళ్లు, మీ పేరు. కాబట్టి మూడుచోట్ల అబ్బాయి ఆగి మీకు చూపించాలని నియమం పెట్టండి.

మొదటిది కాయిల్స్ చుట్టాక. వంటింట్లో వాడే డిజిటల్ కాటా ఒకటి షాపులో పెట్టుకోండి. ఒకే మోటారులో ఒకే సైజు కాయిల్స్ అన్నీ ఒకే బరువు తూగాలి. బోరు మోటారు మందపాటి వైరులో ఒక చుట్టు తక్కువైనా కాటాలో తేడా తెలుస్తుంది, కాయిల్ విప్పి లెక్కపెట్టే బాధ ఉండదు. రెండోది దించాక, కనెక్షన్‌కు ముందు: సిరీస్ బల్బుతో ప్రతి ఫేజూ బాడీకి తగులుతోందేమో, ఒకదానికొకటి తగులుతోందేమో చూడాలి. మూడోది చివర్లో. మూడు ఫేజుల రెసిస్టెన్స్ సమానంగా ఉండాలి, 500 వోల్టుల మెగ్గర్ పెట్టాలి. బోరు మోటారుకైతే వైండింగ్‌ను రాత్రంతా నీళ్లలో ఉంచి మెగ్గర్ చూడాలి. పొడిగా ఉన్నప్పుడు బాగున్న వైండింగ్ నీళ్లలో పడిపోయిందంటే పాలీ వైరుకు ఎక్కడో గీత పడ్డట్టే. ఇంటి మోనోబ్లాక్ అయితే వార్నిష్ ఆరాక చూడాలి. తర్వాత లోడు లేకుండా తిప్పి, వైరు చుట్టూ బిగించి కరెంటు కొలిచే టంగ్ టెస్టర్‌తో మూడు ఫేజుల కరెంటు సమానంగా ఉందో లేదో. ఒక ఫేజు కొసలు తారుమారైతే మోటారు మూలుగుతూ తిరుగుతుంది, కరెంటు తేడాగా చూపిస్తుంది. ఈ మూడుచోట్ల రిజిస్టర్‌లో అబ్బాయి సంతకం, మీ సంతకం పడాలి. మీరు చూసి సంతకం పెట్టాక వచ్చిన నష్టం మీది. చూపించకుండా ముందుకెళ్తే గట్టిగా అడగండి, కానీ జీతం కోయకండి. మళ్లీ మళ్లీ అదే చేస్తే ఇద్దరూ కూర్చుని ఈ పని అతనికి సరిపడుతుందో లేదో తేల్చుకోండి.

కాలిన రాగి విషయం కూడా మొదటి రోజే తేల్చండి. చాలా షాపుల్లో గొడవ మొదలయ్యేది అక్కడే. పాత రాగి రైతు ముందే తూచి బిల్లులో రాయండి, ఎవరికి ఎంత పోతుందో స్పష్టంగా ఉండాలి. తూచకుండా గోనెసంచిలో పడేసిన రాగి అబ్బాయికి ఆశ పుట్టిస్తుంది, మీకు అనుమానం పుట్టిస్తుంది.

డబ్బుకంటే ముఖ్యమైనది ఒకటుంది, ఉత్తరంలో మీరు అడగలేదు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పోయిందని రైతు పిలిస్తే అబ్బాయిని పంపకండి, ఎంత తొందరున్నా సరే. ఎల్సీ (లైన్ క్లియర్, అంటే లైనులో కరెంటు ఆపించే అనుమతి) తీసుకుని లైన్‌మన్ చేయాల్సిన పని అది. ఆ ఫ్యూజులు వేస్తూ ఊళ్లలో ప్రాణాలు పోతూనే ఉన్నాయి. బోరు నుంచి పైపులు లాగేటప్పుడు క్లాంపు బిగించకముందు చేతులు పెట్టకూడదు, స్టార్టర్ దగ్గర కరెంటు తీసి, ఆటో స్టార్టర్ ఉంటే దాన్ని కూడా విడదీయాలి, లేకపోతే కరెంటు రాగానే దానంతటదే ఆన్ అవుతుంది. షాపులో టెస్టింగ్ బల్లకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) పెట్టించండి. పనిలో దెబ్బ తగిలితే పరిహారం బాధ్యత మీదే అవుతుంది. అబ్బాయి బ్యాంకు ఖాతా నుంచి ఏడాదికి 20 రూపాయలతో ప్రధానమంత్రి సురక్షా బీమా కట్టించండి. ప్రమాదంలో ప్రాణం పోయినా, పూర్తిగా వైకల్యం వచ్చినా 2 లక్షలు ఇస్తుంది. అది మీ బాధ్యతకు బదులు కాదు, కానీ మానొద్దు.

రాయించుకోవడం గురించి. ‘అయిదేళ్లు మానకూడదు, మానితే చుట్టుపక్కల షాపు పెట్టకూడదు’ అని బాండు రాయించుకున్నా అది నిలవదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 27 ప్రకారం ఒక మనిషి తన వృత్తి చేసుకోకుండా అడ్డుకునే ఒప్పందం చెల్లదు. పది మెమో, ఆధార్ మీ దగ్గర పెట్టుకోవడం కూడా సరికాదు. బావకు ముప్పై వేలో నలభై వేలో చేబదులిచ్చి ‘అబ్బాయి పనిలో తీరుతుంది’ అనుకోవడం ఇంకా పెద్ద తప్పు. అది 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కిందకు వస్తుంది. బావకు డబ్బు అవసరమైతే విడిగా ఇవ్వండి, అబ్బాయి జీతానికి దాన్ని కలపకండి. రాసుకోదగిన కాగితం ఇంకోటి ఉంది: పని వేళలు, జీతం, మెట్లు, సెలవు, మానాలనుకుంటే ఎవరైనా నెల ముందు చెప్పాలి. ముగ్గురూ సంతకాలు చేసి తలా ఒక కాపీ ఉంచుకోండి.

ఇవన్నీ మాట్లాడేటప్పుడు అబ్బాయి పక్కనే ఉండాలి. బావతో మాత్రమే మాట్లాడితే అది చుట్టరికపు మాటవుతుంది, పని మాట కాదు. అతను మిమ్మల్ని మామయ్యా అంటాడు, షాపులో అదే పిలుపు ఉండనివ్వండి, కానీ కోపం వచ్చినప్పుడు ఇంటి విషయాలు ఎత్తకండి. ఇంకో దారి కూడా బావకు చెప్పడం న్యాయం. పది పాసైనవాడు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ రెండేళ్లు చదవొచ్చు, విద్యుత్ సంస్థల్లో జూనియర్ లైన్‌మన్ ఉద్యోగాలకు అడిగే అర్హతల్లో ఒకటి ఆ సర్టిఫికెట్. అబ్బాయికి అటు మనసుంటే ఐటీఐలో చేరి సెలవుల్లో, సీజన్ ఆదివారాల్లో మీ దగ్గర పనిచేస్తాడు. మీకు పూర్తి మనిషి దొరకడు, కానీ ఆరేళ్ల తర్వాత ‘మామయ్య నన్ను షాపులో ఇరికించాడు’ అన్న మాట ఉండదు. ఏది కావాలో అతన్నే తేల్చుకోమనండి.

చివరికి ఇతను కూడా వెళ్లిపోతే? మూడో ఏడాదో నాలుగో ఏడాదో వెళ్లవచ్చు. రైతులు మీ దగ్గరే ఉండటానికి కొన్ని పనులు ఇప్పుడే చేయొచ్చు. ప్రతి మోటారు మీద షాపు పేరు, ఫోను నంబరు, రీవైండింగ్ చేసిన తేదీ పెయింటుతో రాయండి. డేటా రిజిస్టర్ షాపులోనే ఉంటుంది కాబట్టి అదే మోటారు రెండేళ్లకు మళ్లీ కాలితే మీ దగ్గర పని సగం తొందరగా అవుతుంది. రైతులతో ఫోన్లు షాపు నంబరు నుంచే మాట్లాడండి, అబ్బాయి ఫోను నుంచి కాదు. వెళ్లేటప్పుడు బాగా వెళ్తే సీజన్‌లో మీరు చేయలేని మోటార్లు అతనికి పంపి మోటారుకు ఇంత అని తీసుకోవచ్చు. మార్చి నెలలో మీ షాపు ముందు పది మోటార్లు వరసలో ఉన్నప్పుడు, మీరే నేర్పిన చెయ్యి బస్టాండు దగ్గర ఉండటం మీకు నష్టమేమీ కాదు. బస్టాండు దగ్గరున్న ఆ పాత అబ్బాయితో కూడా ఈ సీజన్‌లో ఇలా మాట్లాడి చూడొచ్చు, కొత్త అబ్బాయి చేతికి అందివచ్చేదాకా.